రెండు ప్రాసెసర్ల డబ్బా

నిజామాబాదులో పెళ్లి చేసుకున్నవాళ్లు ఒకప్పుడు ఏదో ఒకనాటికి షారోన్ చేతిలో పడి తీరాల్సిందే. భయపడేదేం లేదు లెండి. ఆమె మొగుడు బెన్‌హర్ భుజాన కెమెరా వేసుకుని వెళ్లి పెళ్లంతా తీసుకొచ్చేవాడు. బస్టాండు దగ్గర మేడ మీది గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని షారోన్ ఆ పెళ్లిని కోసి, కుట్టి, పాటలు పెట్టి, మూడు గంటల సినిమాగా చేసి ఇచ్చేది. దాన్నే మిక్సింగ్ అంటారు. పెళ్లికూతురి మేనత్త ఎక్కడ మూతి ముడిచిందో, తోడిపెళ్లికొడుకు జేబులో ఎన్ని లడ్డూలు వేసుకున్నాడో ఊరందరికన్నా ముందు షారోన్‌కే తెలిసేది. తెలిసి, అవి కోసేసేది. అంత మర్యాదస్తురాలు.

ఇప్పుడా గదిలో ఆమె ఒక్కతే. బెన్‌హర్ పోయి వచ్చే ఆదివారానికి ఏడాది.

సోమవారం పొద్దున్నే అత్త గంగవ్వ ఫోన్ చేసింది. ఆమె రెంజల్‌లో పెద్దకొడుకు లాజరు దగ్గర ఉంటుంది.

"షారోనూ, ఆదివారం చర్చిల జ్ఞాపకార్థ కూడిక గద. వాని ఫోటోలు పెద్ద తెర మీద పెడ్తరట?"

"అవునత్తమ్మా. ఏరుతున్న."

"ఫోటోలు నాకెందుకు బిడ్డా, గోడకు ఉన్నది, పొద్దు మాపు సూస్తనే ఉన్న. వాని మాట జర ఇనిపియ్యి. ఎట్ల మాట్లాడుతుండెనో నాకు యాదికొస్తలేదు. కన్నతల్లికి యాదికి లేదంటె నవ్వుతరని ఎవ్వలకు చెప్పలే. నీకైతె యాదున్నది గద?"

"ఎందుకుండదత్తమ్మా," అంది షారోన్.

పచ్చి అబద్ధం. ఆమెకూ గుర్తుకు రావడం లేదు. కళ్లు మూసుకుంటే బెన్‌హర్ కనిపిస్తాడు. పై పెదవి మీది మచ్చ కనిపిస్తుంది, కెమెరా మోసి మోసి కాస్త వంగిన ఎడమ భుజం కనిపిస్తుంది. పెదాలు కదులుతాయి కూడా. మాట మాత్రం రాదు. ఇది ఎప్పుడు మొదలైందో ఆమెకు తెలియదు. మూడు నెలల కింద ఒక పొద్దున టీ తాగుతుంటే తెలిసింది. తెలిసి గ్లాసు కింద పెట్టేసింది. అప్పటినుంచి ఈ భయం ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సిన మనిషే లేడు కదా.

ఈ రోజుల్లో మనిషి గొంతు దొరక్కపోవడమేమిటి, ఫోన్‌లో ఉండదా అని మీరనొచ్చు. బెన్‌హర్ ఫోన్ బోధన్ రోడ్డు మీద అతనితోపాటే లారీ కింద పడింది. ఇక వాయిస్ మెసేజ్‌లా, అవి అతనికి గిట్టవు. "ఎదురుంగ కూసున్న మనిషికి మెసేజ్ ఎందుకే?" అనేవాడు. అన్నాడని గుర్తుంది, ఎలా అన్నాడో గుర్తులేదు. చర్చి యువజనుల గ్రూపులో వెతగ్గా వెతగ్గా ఒక్కటి దొరికింది. "ఆఁ, సరే అన్న." అంతే. రెండు సెకన్లు, వెనక బ్యాండు మేళం. షారోన్ దాన్ని నలభై సార్లు విన్నది. నలభై సార్లయ్యాక అది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి గొంతులా అయిపోయింది.

ఇరవై రెండేళ్లు జిల్లా అంతా తీసినవాడు ఒక్క ఫ్రేములోనూ లేడు. కెమెరా వెనక నిలబడేవాడి బతుకే అంత. కానీ గొంతు ఉండాలి కదా! కెమెరా పట్టుకుని బెన్‌హర్ నోరు మూసుకున్న క్షణం లేదు. "అన్న, గిటు సూడు. అక్కా, జర నవ్వు. అయ్యగారూ, తాళి మెల్లగ, మెల్లగ." నికార్సయిన మెథడిస్టు అయ్యుండి, పెళ్లి మంత్రాలు అయ్యవారికన్నా ముందు అతనే అందుకునేవాడు.

అలమరలో నలభై మూడు హార్డ్ డిస్కులున్నాయి. టేపుల కాలం నాటివి బూజుపట్టి పోగా, ఈ పదిహేనేళ్లలో తీసిన పెళ్లిళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలోనూ అతని గొంతు లేదు. తీసేసింది షారోనే.

అదెలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మొదట్లో వాళ్లకున్నది మామూలు కంప్యూటర్. ఒక్కటే ప్రాసెసర్, అంటే ఒక్కటే మెదడు. కోసి కుట్టిన ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా వండి దింపడాన్ని రెండరింగ్ అంటారు. ఆ పని పెట్టామా, ఇక అది కాళ్లు పట్టుకుని బతిమాలినా పలకదు. మౌస్ కదిపితే బాణం గుర్తు కాసేపు ఆలోచించుకుని, పోనీలే పాపం అని, అప్పుడు కదిలేది. పెళ్లిళ్ల సీజనులో షారోన్‌కు ఏడుపొక్కటే తక్కువ. అందుకని ఆమె ఒక కిటుకు కనిపెట్టింది. కెమెరా కార్డులోంచి క్లిప్పుల్ని కంప్యూటర్‌లోకి మార్చుకునేటప్పుడే 'ఆడియో' అన్నచోట టిక్కు తీసేసేది. బొమ్మ వస్తుంది, ధ్వని రాదు. పెళ్లికి గంటన్నర కలిసొచ్చేది. అయినా ఆ ధ్వనితో పనేముంది? జనరేటర్ మోత, పిల్లల ఏడుపు, బెన్‌హర్ 'గిటు సూడు'. ఎలాగూ అన్నిటి మీదా పాటలే కదా పరిచేది. కార్డులేమో మర్నాటి పెళ్లికి తుడిచేసేవాళ్లు. ఆమె మార్చుకున్న మూగ బొమ్మలే మిగిలేవి.

తొమ్మిదేళ్ల కిందట కెమెరా రిపేరుకని సికింద్రాబాదు వెళ్లిన బెన్‌హర్, ఆర్టీసీ బస్సులో ఒళ్లో ఒక నల్లటి డబ్బా పెట్టుకుని దిగాడు. ఏదో కంపెనీవాళ్లు తమ పాత వర్క్‌స్టేషన్లు అమ్మేస్తుంటే కొన్నాడు. పాతిక కిలోలుంటుంది. దాన్ని మేడెక్కించేసరికి అతనికి చుక్కలు కనిపించాయి. కిందింట్లో కంప్యూటర్లు బాగుచేసే భోజన్న కూడా వెనకే వచ్చాడు. బెన్‌హర్ పక్క రేకు తీసి, దేవుడి వాక్యం చూపించినట్టు వేలుపెట్టి చూపించాడు.

"సూడు షారోన్. గీడ ఒకటి, గీడ ఒకటి. రెండు ప్రాసెసర్లు! దేని ఫ్యాను దానికే, దేని మెమరీ దానికే."

"రెండెందుకు? మనం బ్యాంకు నడిపిస్తున్నమా?"

"గిసొంటియి సర్వర్లకే పెడ్తరక్కా," అన్నాడు భోజన్న, రేకులోకి తలదూర్చి. "వంద మంది ఒక్కపాలి అడిగినా అందరికి బదులియ్యాలె గద. మన ఇండ్లల్ల కంప్యూటర్లకు ఒక్కటే. గది ఒక పని పట్టుకున్నదంటె రెండో మాట ఇనదు."

"గదే నేను చెప్పేది!" అని తొడ చరిచాడు బెన్‌హర్. "ఒకటి రెండరింగ్‌ల ఉంటె, ఇంకోటి మన మాట ఇంటది."

ఆ రోజు అతని సంబరం చూడాలి. ఒక పెళ్లి రెండరింగ్‌కు పెట్టించాడు, ఇంకో పెళ్లి కోయించాడు, మూడో పక్క పాట పెట్టించాడు. ఏదీ ఆగలేదు. తెర మీద ఏ ప్రాసెసర్ ఎంత కష్టపడుతున్నదో చూపించే గీతలు రెండు వరుసల్లో ఎగిరెగిరి పడుతుంటే, పిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. "ఇగ నీకు రికాం దొరుకుతది షారోన్. పొద్దందాక గిదే పని ఉండది."

రికాం, అంటే తీరిక, దొరికిన మాట నిజమే. రోజుకు సగం పూట మిగిలింది. ఆ సగం పూట షారోన్ ఏం చేసిందంటే, ఆర్మూరు వాళ్లవీ కామారెడ్డి వాళ్లవీ మిక్సింగ్‌లు కూడా ఒప్పుకుంది! ఒక పెళ్లి ఉండే చోట రెండు పెళ్లిళ్లు ఎక్కి కూర్చున్నాయి. హెడ్‌ఫోన్లు చెవుల మీంచి దిగడం మానేశాయి. బెన్‌హర్ షూటింగు నుంచి వచ్చి పక్కన స్టూలు లాక్కునేవాడు. "షారోన్, ఇయ్యాల మెండోరల ఏమైందంటే" అని మొదలుపెట్టేవాడు. ఆమె తల తిప్పకుండానే ఎడమ చెయ్యి ఎత్తేది. ఆగు. అతను ఆగేవాడు. టీ తాగి, కాసేపు గీతలు ఎగరడం చూసి, లేచి వెళ్లేవాడు. ఆమెకు కోపమూ లేదు, విసుగూ లేదు. పని, అంతే.

కొత్త డబ్బాలోకి పాత సెట్టింగులన్నీ పెన్‌డ్రైవ్‌తో ఎక్కించుకున్నది కూడా ఆమే. వాటితోపాటు ఆ తీసేసిన టిక్కు కూడా వచ్చింది. "గిప్పుడు ధ్వని తీసుడెందుకే, డబ్బాకు దమ్మున్నది గద," అన్నాడు బెన్‌హర్ ఒకసారి.

"ఉంచి ఏం చేస్తం? నీ 'గిటు సూడు' తప్ప ఏముంటదండ్ల?"

అతను నవ్వాడు. మళ్లీ అడగలేదు.

మంగళవారం, బుధవారం షారోన్ డిస్కు తర్వాత డిస్కు తగిలించి చూసింది. ఎక్కడో ఒకచోట, పొరపాటునైనా, టిక్కు పెట్టి ఉండనా అని ఆశ. లేదు. అంత పొరపాటు చేసే మనిషి కాదు ఆమె. పెళ్లికొడుకులు మాట్లాడుతున్నారు, ధ్వని లేదు. తాళి కట్టేటప్పుడు డోలు వాయిస్తున్నారు, ధ్వని లేదు. అన్నిటికన్నా ఆమెను తినేసింది ఒకటే. ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు ఉన్నట్టుండి కెమెరా వైపు తిరుగుతారు. చెవి ఒగ్గి వింటారు. పకపకా నవ్వుతారు. ఒక ముసలాయన "పోరా" అన్నట్టు చెయ్యి విసురుతాడు. బెన్‌హర్ ఏదో అన్నాడన్నమాట. ధర్పల్లి వాళ్లు విన్నారు, మెండోర వాళ్లు విన్నారు, జిల్లా అంతా విన్నది, ఒక్క షారోన్ తప్ప.

భోజన్నను పిలిచి అడిగింది. అతను తల గోక్కున్నాడు.

"ఉండి చెడిపోతె తియ్యొచ్చక్కా. ఎక్కియ్యనే ఎక్కియ్యనిదాన్ని యాడికెల్లి తెస్తం?" కాసేపు డబ్బా వైపు చూశాడు. "గీ డబ్బా గూడ ఇగ అమ్మెయ్యరాదు. కరెంటు తాగుతది. గిప్పుడు వచ్చే చిన్న ల్యాప్‌టాపులే దీన్ని మించినయి. నీకు పెండ్లిళ్లు గూడ తక్కువాయె."

నిజమే. పిల్లలిప్పుడు ఫోన్‌లోనే కోసుకుని, ఫోన్‌లోనే పాట పెట్టుకుంటున్నారు. మూడు గంటల సినిమా ఎవడికి కావాలి? డబ్బాలో పై వరుస గీతలు కొంచెం కదులుతున్నాయి. కింది వరుస నేల మీద గీసినట్టు చదునుగా పడి ఉంది. రెండో ప్రాసెసర్‌కు ఏడాదిగా పనే లేదు.

గురువారం మధ్యాహ్నం ముప్ఫై ఏడో డిస్కులో ఒక ఫోల్డరు కనిపించింది. షారోన్ ఫోల్డర్లకు వధూవరుల పేర్లు, తేదీ పెడుతుంది. దీని మీద 'సీతమ్మ అవ్వ' అని మాత్రమే ఉంది. పెట్టింది బెన్‌హర్. తెరిచింది. క్లిప్పులు దొరకడం లేదని తెర ఎర్రగా అయింది. అయితే ఏ ముక్క తర్వాత ఏ ముక్కో చూపించే పట్టీ మాత్రం మిగిలి ఉంది. అందులో ఒక్క పాట లేదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, మూడు గంటల పొడవునా, కెమెరా ధ్వని పట్టీ ఉంది.

షారోన్‌కు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. డబ్బా వచ్చిన మరుసటి ఏడాది తల్లి కంటి ఆపరేషన్‌కని ఆమె పది రోజులు ధర్పల్లిలో ఉంది. తిరిగొచ్చేసరికి డిస్కు నిండిపోయి ఉంది. చూస్తే ధ్వనితో సహా మార్చిన క్లిప్పులు కొండలా ఉన్నాయి.

"పాటల్లేని వీడియో ఎవరు చూస్తరయ్యా?" అంది అప్పుడు.

"సూడనీకి కాదే. ఆ అవ్వకు కండ్లు లెవ్వు. ఇననీకి," అన్నాడు అతను. ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తింది. ఆ సాయంత్రమే చోటు కోసం క్లిప్పులన్నీ తుడిచేసింది.

ఆ గొంతు ఉంటే వాళ్లకిచ్చిన వీడియోలోనే ఉండాలని, లెక్కల పుస్తకంలో సీతమ్మ కొడుకు చెన్నకేశవరావు ఊరు చూసుకుని, శుక్రవారం పొద్దున బోధన్ బస్సెక్కింది. పక్క సీటులో మరాఠీ మాట్లాడే ముసలావిడ కోడిపుంజును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారంతా అది తప్ప షారోన్‌ను పలకరించినవాళ్లు లేరు. బోధన్‌లో ఆటో మాట్లాడుకుని క్యాంపుకు వెళ్లింది. నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చినప్పుడు గుంటూరు, కృష్ణ వైపు నుంచి వచ్చి భూములు కొన్నవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది వరికి మారారు గానీ, చెన్నకేశవరావు మాత్రం మొండిపట్టు పట్టి ఇంకా నాలుగెకరాల చెరుకు వేస్తూనే ఉన్నాడు. ఇల్లు ఆ చెరుకుతోట వెనకే.

"షష్టిపూర్తి వీడియోనా?" అన్నాడాయన, గేటు దగ్గరే నిలబెట్టి. "ఎనిమిదేళ్లైందమ్మా. మధ్యలో రెండు టీవీలు మారాయి. ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడుందో ఏమో."

"ఒక్కసారి వెతికి చూడండి సార్," అంది షారోన్.

"నా దిండు కింద ఉందిరా," అన్నది లోపలి నుంచి ఒక గొంతు. "ఎవరే అమ్మాయ్? ఇలా రా."

వరండాలో మంచం మీద సీతమ్మ కూర్చుని ఉంది. ఎనభై ఆరేళ్లు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎటో చూస్తున్నాయి.

"నేను షారోన్‌ను అవ్వా. వీడియో తీసిన బెన్‌హర్ భార్యను."

"బెన్నారు పెళ్లానివా!" ముసలామె ముఖం వెలిగిపోయింది. "వాడేడీ? ఆటో దగ్గరున్నాడా? రమ్మను. మళ్లీ వస్తానవ్వా అని పోయినవాడు ఇన్నేళ్లు రాకపోతే ఎలా? అవ్వా అంటాడమ్మా నన్ను. మా వైపు అలా అంటే మరీ ముసలిదాన్ని చేసినట్టు. పోనీలే అన్నాను."

"లేడవ్వా. పోయిండు. ఎల్లుండికి ఏడాది."

సీతమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. తర్వాత మెల్లగా దిండు కింద తడిమింది. "అయ్యో నా తండ్రీ. మొన్న మంగళవారం కూడా, మావాడు తోటకు పోయాక, పనిపిల్ల చేత పెట్టించుకుని విన్నానమ్మాయ్ వాడి మాట. నాతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. నాకేం తెలుసు."

చెన్నకేశవరావు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి టీవీకి పెట్టాడు.

"అవ్వా, ఇంటున్నవా? నేను బెన్‌హర్‌ను. గిప్పుడు గేట్ల నిలవడ్డ."

షారోన్ ముందు నమ్మలేదు. ఈ గొంతు ఆమె అనుకున్నదానికన్నా సన్నగా ఉంది, కొంచెం బొంగురుగా ఉంది. ఇది కాదేమో అనిపించింది. "నీ కొడుకు తెల్ల పంచె కట్టిండు. పెండ్లిపిలగాని లెక్క సిగ్గువడ్తుండు. కోడలుది ఆకుపచ్చ పట్టుచీర. అంచు నీ జానెడంత ఉన్నది. అన్న, జర జరుగు, అవ్వకు అడ్డమొస్తున్నవ్." ఆ 'జర' దగ్గర షారోన్ ఒళ్లంతా ఝల్లుమంది. అతనే. అదే బెన్‌హర్. 'జర' అన్నప్పుడల్లా చివర కాస్త సాగదీసేవాడు. అది ఆమె ఎలా మరిచిపోయింది! కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

అతను ఆ రోజంతా చూపులేని మనిషికి ఒక్కొక్కటే చూపించాడు. పీటల మీది పూలు చూపించాడు, వచ్చినవాళ్ల నడకలు చూపించాడు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో కూడా చూపించాడు. గంట దాటాక భోజనాలొచ్చాయి. కెమెరాను పక్కన పెట్టి, ఆపడం మరిచిపోయినట్టున్నాడు. తెర మీద ఒక అరటాకు కొస, కుర్చీ కాలు మాత్రమే ఉన్నాయి. మాటలు వినిపిస్తున్నాయి.

"నీ పెళ్లాం ఏం చేస్తుందిరా?" అన్నది ఎనిమిదేళ్ల కిందటి సీతమ్మ.

"మిక్సింగ్ అవ్వా. మస్తు పనిమంతురాలు." నమిలిన చప్పుడు. "మా ఇంట్ల డబ్బాకు రెండు ప్రాసెసర్లున్నయి. ఒకటి పనిల ఉంటె ఇంకోటి మన మాట ఇంటది. మా షారోన్‌కు ఒక్కటే. పని పట్టుకున్నదంటె మాట ఇనదు."

ముసలామె నవ్వు. అతని నవ్వు కూడా.

"ఆ డబ్బా ఎందుకు తెచ్చిన్నో తెలుసా అవ్వా? పని జల్ది అయితది, ఆమెకు జర రికాం దొరుకుతది, ఇద్దరం కూసోని మాట్లాడుకుందమని. ఏడ! జల్ది అయితుందని ఇంకో రెండు పెండ్లిళ్లు తెచ్చుకున్నది."

"నోరు తెరిచి చెప్పకపోయావా?"

"చెప్దామనే పోత. చెయ్యి ఎత్తుతది." మళ్లీ నవ్వాడు. నవ్వులో నింద లేదు, అదే ఆమె తట్టుకోలేకపోయింది. "గందుకే గీ వీడియో నేనే కూసోని చేస్త. ఆమె చేతికి పోతె నా మాట ఉంచది."

షారోన్ ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది. దాన్ని కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది. "ఆపండి సార్," అంది. మిగతాది వినే ధైర్యం లేకపోయింది.

"ఈ ముక్క వందసార్లు విన్నాను," అన్నది మంచం మీది సీతమ్మ. "ఎప్పుడైనా నువ్వొస్తే నాలుగు చీవాట్లు పెడదామనుకున్నానమ్మాయ్. ఇప్పుడేం పెడతాను. కాపీ చేసుకుని నాది నాకిచ్చి పో. అది లేకపోతే నాకు పొద్దుపోదు."

శనివారం గదిలో షారోన్ ఆ వీడియోను డబ్బాలోకి ఎక్కించింది. మార్చే గడి తెరుచుకుంది. 'ఆడియో' అన్నచోట ఎప్పటిలా ఖాళీ. అక్కడ టిక్కు పెట్టింది. పదిహేనేళ్లలో మొదటిసారి. రెండు వరుసల గీతలూ లేచాయి.

కూడికకు ఐదు నిమిషాలు కావాలి. మొదటి మాటలు పెట్టింది, పట్టుచీర పెట్టింది. భోజనాల ముక్క దగ్గరకొచ్చేసరికి చెయ్యి దానంతటదే కత్తెర గుర్తు మీదికి పోయింది. ఎవరింటి గుట్టు అయినా ఇన్నేళ్లూ అక్కడే కోసింది. రేపు చర్చి నిండా జనం, పాస్టరయ్య, తోటికోడళ్లు. మొగుడి మాట వినని ఆడది అని అతని నోటితోనే వింటారు. కోసేస్తే ఎవరికీ తెలియదు. తెలిసిన సీతమ్మ చర్చికి రాదు.

కోయలేదు. "చెయ్యి ఎత్తుతది" దాకా ఉంచింది.

ఆదివారం కూడికలో దీపాలు తగ్గించారు. తెర మీద గేటు కనిపించింది.

"అవ్వా, ఇంటున్నవా?"

ముందు వరుసలో గంగవ్వ చటుక్కున లేచి నిలబడింది. "ఇంటున్న బిడ్డా! ఇంటున్న. చెప్పు!" అంది, అంత పెద్ద హాలులో అందరికీ వినపడేలా. కొడుకు పిలిచింది వేరే అవ్వనని ఆమెకు షారోన్ ముందే చెప్పింది. తెలిసే జవాబిచ్చింది. లాజరు కూర్చోబెట్టబోతే చెయ్యి విదిలించుకుని, అయిదు నిమిషాలూ నిలబడే విన్నది. మా షారోన్‌కు ఒక్కటే ప్రాసెసర్ అన్నచోట జనం నవ్వారు. ఆ తర్వాతి మాటలకు ఎవరూ నవ్వలేదు. నాలుగు తలలు షారోన్ వైపు తిరిగాయి. ఆమె తెర వైపే చూస్తూ కూర్చుంది. ఏడాదిలో ఆమె ఏడవడం వాళ్లు చూసింది ఆ రోజే.

బయట గంగవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "గదే గొంతు. గట్లనే మాట్లాడుతుండె. నువ్వు దొరకబట్టినవ్ బిడ్డా," అంది. లాజరు ఆటో తెచ్చాడు, రెంజల్ వెళ్లిపోయారు.

సోమవారం షారోన్ గది తెరిచేసరికి భోజన్న ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. డబ్బాకు బేరం. "అమ్మను," అంది షారోన్. "గింత దానికి ఏం పనున్నదక్కా ఇగ?" అంటే, "ఉన్నది పో," అని తలుపు దగ్గరికేసింది.

బల్ల మీద ఆర్మూరు పెళ్లి తాలూకు కెమెరా కార్డు వచ్చి ఉంది. దాన్ని పనికి పెట్టినా రెండో పక్క బెన్‌హర్ వీడియో నడుస్తుంది, డబ్బాకు లెక్కే కాదు. ఆమె కార్డును సొరుగులో వేసింది. హెడ్‌ఫోన్లు తీసి గోడకు తగిలించింది, స్పీకరు పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, సీతమ్మ ఇంట్లో ఆపిన చోటి నుంచి మొదలుపెట్టింది.

"నాతో చెప్పరా ఆ కబుర్లు, నేను వింటాను," అంటున్నది సీతమ్మ.

"అవ్వా, మొన్న మెండోరల ఏమైందంటే," అన్నాడు బెన్‌హర్.

షారోన్ ముందుకు వంగింది.

"పెండ్లిపిలగాన్ని గుర్రమెక్కిచ్చి గోదావరి పొంటి బారాత్ తీసిన్రు. ఆ గుర్రానికి ఏం పుట్టిందో, సక్కగ నీళ్లల్లకు పోయి నడుముదాక నిలవడ్డది. ఎంత గుంజినా రాదు. పిలగాడు దాని మీద కత్తి పట్టుకోని కూసున్నడు. బ్యాండోళ్లు ఆపుతరా? ఒడ్డు మీద వాయించుడే వాయించుడు. ఆఖరికి పెండ్లిపిల్ల స్వయంగ వచ్చింది అవ్వా, చీర ఎత్తి కట్టుకోని, నీళ్లల్ల దిగి, గుర్రం చెవుల ఏదో చెప్పింది. అంతే, గుర్రం ఆమె ఎంబడి నడిసొచ్చింది!"

షారోన్ ఫక్కున నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ పెళ్లి ఆమే మిక్సింగ్ చేసింది. నీళ్లలో గుర్రాన్ని చూసింది, బాగాలేదని కోసేసింది. నవ్వుతూనే పక్కన స్టూలు వైపు తిరిగింది.

"చెవుల ఏం చెప్పిందట?" అని అడిగింది.

స్పీకరులో బెన్‌హర్ అప్పటికే పెరుగు వడ్డించేవాణ్ని పిలుస్తున్నాడు.